ఫుడ్ స్టాంపులు ఆగిపోయిన కుటుంబాలకి మనం పనికొచ్చేలా ఏం చేయొచ్చు?

ఇర్వింగ్_వాసి
డాలస్ దగ్గర ఒక చర్చి నడిపే ఫుడ్ ప్యాంట్రీలో (సరుకులు ఉచితంగా ఇచ్చే చోటు) శనివారాలు పనిచేస్తుంటాను. వచ్చేవాళ్ళలో ఎక్కువ బర్మా, కాంగో, ఆఫ్ఘన్ వాళ్ళు. దొంగదారిన వచ్చినవాళ్ళు కాదు, ఈ గవర్నమెంటే ఏళ్ళ తరబడి చెక్ చేసి విమానం ఎక్కించి తెచ్చుకున్న శరణార్థులు. 2025 జులై 4న సంతకమైన ఆ పెద్ద బిల్లులో వీళ్ళకీ, ఇక్కడికొచ్చి ఆశ్రయం (అసైలం) తెచ్చుకున్నవాళ్ళకీ స్నాప్ (అవే ఫుడ్ స్టాంపులు) తీసేశారు కదా, రెన్యూవల్ టైం వచ్చినప్పుడల్లా ఒక్కో ఇంటికి లెటర్ వస్తోంది. మొన్న ఒక బర్మా ఆవిడ ఆ లెటర్ని పిల్లాడి స్కూల్ ఫోల్డర్‌లో పెట్టుకుని తెచ్చింది, అందులో ఏముందో ఆవిడకి తెలీదు, ఆ మూడో క్లాసు పిల్లాడే చదివి చెప్తున్నాడు, వాడికి "ఇనెలిజిబుల్" అంటే ఏంటో తెలీక నన్నడిగాడు.

మా తెలుగు వాట్సాప్ గ్రూపులో సాయం కావాలని పెడితే సగం మంది "మన ట్యాక్సులతో ఇన్నాళ్ళు మేపాం చాలదా" అన్నారు, ఒకాయన మాత్రం రెండు సంచులు డబ్బాలు పంపాడు, తీరా చూస్తే 2023లో ఎక్స్‌పైర్ అయినవి. బియ్యం ఇవ్వమనాలా, డబ్బులా, మనుషులా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గుంటూరోడు
2023 డబ్బాలు అంటే ఆయన గరాజ్ క్లీన్ చేసుకున్నాడు బ్రో, దానం ఖాతాలో రాసుకున్నాడు 😂

సూటిగా_చెప్తా
నన్ను తిట్టినా పర్లేదు. హెచ్1బీ మీద ఏళ్ళకేళ్ళు ట్యాక్సు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్నీ కడుతున్నాం, మనకి ఫుడ్ స్టాంపులకి అసలు అర్హతే లేదు, ఎప్పుడూ లేదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో సర్దుకోవాలి. మనకి లేని సౌకర్యం వాళ్ళకి తీసేస్తే మనమెందుకు గుండెలు బాదుకోవాలి? గవర్నమెంట్ తప్పుకుంటే చారిటీ చూసుకుంటుంది, చారిటీ ఉన్నదే అందుకు. చర్చిలున్నాయి, గురుద్వారాలున్నాయి, మన గుళ్ళున్నాయి. ఇష్టమున్నవాడు ఇస్తాడు, లేనివాడు ఇవ్వడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసే పద్ధతి కంటే ఇదే మేలు.

లెక్కల_మాస్టారు
@సూటిగా_చెప్తా "చారిటీ చూసుకుంటుంది" దగ్గర లెక్క తప్పుతోంది. ఫీడింగ్ అమెరికా అని దేశంలోని ఫుడ్ బ్యాంకులన్నిటికీ పెద్ద నెట్‌వర్క్, వాళ్ళే చెప్పే మాట: వాళ్ళు ఒక్క పూట భోజనం ఇస్తే స్నాప్ తొమ్మిది పూటలు ఇస్తుంది. ఆ తొమ్మిదిలో ఒక్కటి పోయినా ఫుడ్ బ్యాంకులు ఇప్పుడున్న పనికి రెట్టింపు చేయాలి. గుళ్ళో పులిహోరతో అయ్యే పని కాదు.

ఇంకోటి, ఆ ఫుడ్ బ్యాంకు సరుకులో కూడా కొంత గవర్నమెంటు నుంచి వచ్చేదే. 2025 మార్చిలో లోకల్ రైతుల దగ్గర కొని ఫుడ్ బ్యాంకులకీ స్కూళ్ళకీ ఇచ్చే పథకాలు రెండు ఆపేశారు, కలిపి దాదాపు 100 కోట్ల డాలర్లు. అది కాక టీఫాప్ అనే ఫెడరల్ సరుకుల పథకం కింద రావాల్సిన ట్రక్కులు కూడా కాన్సిల్ అయ్యాయి. అంటే ఒక చేత్తో స్నాప్ తీశారు, ఇంకో చేత్తో ప్యాంట్రీ షెల్ఫ్ ఖాళీ చేశారు.

సూటిగా_చెప్తా
సరే మాస్టారూ, అయితే రెట్టింపు చేద్దాం. ఒక్కో తెలుగు అసోసియేషన్ కన్వెన్షన్‌కి పెట్టే ఖర్చులో సగం అటు మళ్ళిస్తే చాలు.

గుంటూరోడు
హీరోయిన్ రాకపోతే కన్వెన్షన్‌కి జనం రారు సార్, జనం రాకపోతే డొనేషన్ రాదు. అంతా ఎకోసిస్టమ్ 😄

పాతకాపు97
ఇది మొదటిసారేం కాదు. నేను వచ్చింది 1997లో, అప్పటికి ఏడాది ముందు 1996 ఆగస్టులో క్లింటన్ వెల్ఫేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. అప్పుడు దెబ్బ పడింది శరణార్థుల మీద కాదు, గ్రీన్ కార్డు వాళ్ళ మీద. ఫుడ్ స్టాంపులు పోయాయి, పేద ముసలివాళ్ళకి నెలనెలా వచ్చే ఎస్ఎస్ఐ డబ్బు కూడా తీసేస్తామన్నారు, పేదవాళ్ళకి గవర్నమెంటిచ్చే ఆరోగ్య బీమా మెడిక్‌ఎయిడ్‌కి కొత్తవాళ్ళు 5 ఏళ్ళు ఆగాలన్నారు. ఆ 5 ఏళ్ళ రూలు ఇప్పటికీ మన అమ్మానాన్నల మెడకి చుట్టుకునే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో రష్యా నుంచి వచ్చిన ముసలాళ్ళు, వియత్నాం వాళ్ళు లైబ్రరీలో రోజూ సాయంత్రం కూర్చుని సిటిజన్‌షిప్ ప్రశ్నలు బట్టీ పట్టేవాళ్ళు. వాళ్ళకి చెప్పేది రిటైరైన టీచర్లు, అంతా వాలంటీర్లే.

అప్పుడు చారిటీలు చేసిన తెలివైన పని అది. బియ్యం మూటలు మోయడం కాకుండా సిటిజన్‌షిప్ మీద డబ్బు పెట్టారు. డెమోక్రాట్లకి డబ్బిచ్చే బిలియనీర్ జార్జ్ సోరోస్ 5 కోట్ల డాలర్లతో ఎమ్మా లాజరస్ ఫండ్ పెట్టింది దీనికే. ఆ 1997లో సిటిజన్‌షిప్ అప్లికేషన్లు 14 లక్షల దాకా వెళ్ళాయి. ఒకసారి సిటిజన్ అయితే ఏ కోతా తగలదు కదా. పైగా వాళ్ళంతా ఓటర్లయ్యారు, మెల్లగా కాంగ్రెస్ కూడా దిగొచ్చింది, 1997లో ఎస్ఎస్ఐ చాలావరకు తిరిగి ఇచ్చారు, 1998లో పిల్లలకీ కొందరు ముసలివాళ్ళకీ ఫుడ్ స్టాంపులు, 2002 ఫార్మ్ బిల్లులో 5 ఏళ్ళు దాటిన గ్రీన్ కార్డు వాళ్ళకి కూడా.

కాబట్టి @ఇర్వింగ్_వాసి, డబ్బాల కన్నా కాగితాల మీద కూర్చునే మనుషులు దొరుకుతారేమో చూడు.

సూటిగా_చెప్తా
సోరోస్ పేరు వచ్చింది, ఇక థ్రెడ్ అయిపోయినట్టే.

పాతకాపు97
నీకు నచ్చని మనిషి చేసినంత మాత్రాన లెక్క మారదు నాయనా.

కరీంనగర్_పోరడు
అన్న మంచిగ జెప్పిండు గని ఈసారి గా దారి గూడ బంద్ జేసిన్రు. నేను మిన్నెసోటల ఉంటా, కొత్తగొచ్చిన రెఫ్యూజీలకు ఇల్లు, పని చూపెట్టే ఒక రీసెటిల్‌మెంట్ ఏజెన్సీల పార్ట్‌టైం చేసిన. రెఫ్యూజీలు ఒక ఏడాది అయినంక గ్రీన్ కార్డుకు అప్లై చెయ్యాలె, వాళ్ళకు గా అప్లికేషన్ (ఐ-485) ఫీజు గూడ లేదు, కార్డొస్తే 5 ఏళ్ళు ఆగే పని లేకుంట స్నాప్ మళ్ళ వస్తది. మేమందరం గదే చేద్దామనుకున్నం, వాలంటీర్లను కూసోవెట్టి ఫారాలు నింపిచ్చుడే పని. నవంబర్ 2025ల మెమో వచ్చింది, బైడెన్ టైంల వచ్చిన రెఫ్యూజీల కేసులు మొత్తం మళ్ళ చూస్తరంట, పెండింగ్ గ్రీన్ కార్డులు ఆపిన్రు. అంటే కార్డుంటేనే తిండి, కార్డు మాత్రం ఇయ్యరు. ఇగ ఏం జేస్తరు చెప్పు.

మా ఏజెన్సీ ముచ్చట గింక వేరే. 2025 జనవరిల పని ఆపుమని గవర్నమెంటు స్టాప్ వర్క్ ఆర్డర్ రాంగనే సగం కంటె ఎక్కువ స్టాఫ్‌ను ఇంటికి పంపిన్రు, అండ్ల నేనొకణ్ణి. కొత్తగొచ్చినోళ్ళకు ఇచ్చే క్యాష్ 12 నెలల నుంచి 4 నెలలకు తెచ్చిన్రు. క్యాథలిక్ బిషప్పుల సంస్థ దశాబ్దాల సంది ఈ పని చేసేటోళ్ళు, వాళ్ళు గూడ ఏప్రిల్‌ల గవర్నమెంటుతోని ఒప్పందం రెన్యూ చెయ్యమని చెప్పిన్రు. జీతం తీసుకునే కేస్ మేనేజర్ పోయిండు, ఆ జాగల రిటైరైన నర్సులు, కాలేజీ పోరగాళ్ళు వచ్చిన్రు. మంచోళ్ళే, గని ఎవ్వరికి ఏ కేసు ఏడ దాక వచ్చిందో తెల్వదు.

ఇర్వింగ్_వాసి
@కరీంనగర్_పోరడు ఇదే, ఇదే నేను చూస్తున్నది. ఆ బర్మా ఆవిడ కేస్ మేనేజర్ నంబరుకి ఫోన్ చేస్తే డిస్‌కనెక్ట్ అని వస్తోంది. మరి కార్డు రాకపోయినా అప్లికేషన్ వేసి ఉంచడం మంచిదేనా?

కరీంనగర్_పోరడు
అది మనం చెప్పొద్దన్న. లాయర్ గాని డీఓజే (న్యాయశాఖ) అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్ గాని చెప్పాలె, అంటే లాయర్ కాకున్న ఇమిగ్రేషన్ కేసులు చూసే పర్మిషన్ ఉన్నోళ్ళు. మామూలు వాలంటీర్ సలహా ఇస్తే లైసెన్స్ లేకుంట లా ప్రాక్టీస్ చేసినట్టైతది. మనం చేసే పని అపాయింట్‌మెంట్ ఇప్పిచ్చుడు, బండిల తీస్కపోవుడు, కాగితాలు ఒక్క ఫైల్‌ల పెట్టుడు. ఆ అక్రెడిటెడ్ లిస్ట్ డీఓజే సైట్‌లనే ఉంటది, ఏ ఊర్ల ఎవలున్నరో చూడొచ్చు.

బే_ఏరియా_బుజ్జి
మనకి సంబంధం లేదు అనుకునేవాళ్ళ కోసం: అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్నవాళ్ళు ఒకసారి చూసుకోండి. 5 ఏళ్ళు కానివాళ్ళకి మెడిక్‌ఎయిడ్ లేదు కాబట్టి ఆదాయం పేదరిక రేఖ కన్నా తక్కువున్నా, ప్రైవేటు ఇన్సూరెన్స్ కొనుక్కునే ఒబామాకేర్‌లో సబ్సిడీ ఇచ్చేవాళ్ళు, మన పేరెంట్స్ చాలామంది అలాగే ఇన్సూరెన్స్ తీసుకున్నారు. ఆ వెసులుబాటు 2026 జనవరి 1తో పోయింది. మా మామగారి ప్లాన్ ప్రీమియం నోటీసు చూసి మావారు రెండుసార్లు లాగిన్ అయ్యి చూశారు, సైట్‌లో బగ్ అనుకుని. 2027 జనవరి నుంచి హెచ్1బీ, స్టూడెంట్ వీసాల వాళ్ళకి కూడా సబ్సిడీ ఉండదు. కాలిఫోర్నియాలో అయితే కాగితాల్లేని పెద్దవాళ్ళకి మెడికాల్ (అక్కడి మెడిక్‌ఎయిడ్) కొత్త ఎన్‌రోల్‌మెంట్ కూడా 2026 జనవరిలోనే ఆపేశారు, మా ఇంటికొచ్చే వంటావిడ ఆ సంగతే అడుగుతోంది.

సూటిగా_చెప్తా
ఇది మాత్రం సూటిగా చెప్తా. అమ్మానాన్నల్ని తెచ్చేటప్పుడు ఐ-864 స్పాన్సర్ ఫారం మీద "నేను పోషిస్తా" అని సంతకం పెట్టాం. రెండు టెస్లాలు పెట్టుకుని మామగారికి సబ్సిడీ అడగడమేంటండీ?

బే_ఏరియా_బుజ్జి
మాకున్నది ఒక్కటే కారు, అదీ టొయోటా. చట్టంలో ఉన్నదే తీసుకున్నాం, దొంగతనం చేయలేదు. 70 ఏళ్ళాయనకి షుగర్, బీపీ, స్టెంట్. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకి ఇవ్వవు. 65 దాటినవాళ్ళ గవర్నమెంటు బీమా మెడికేర్ కొనుక్కుందామంటే ఇక్కడ 5 ఏళ్ళు నిండాలి, నిండాక కూడా ఆస్పత్రి ఖర్చుల భాగం, పార్ట్ ఏకే నెలకి 500 డాలర్ల పైన. మీ పేరెంట్స్‌ని తెచ్చుకున్నాక మాట్లాడండి.

హెచ్4_కష్టాలు
ఇద్దరూ కొంచెం తగ్గండి 🙏 ఇక్కడ అడిగింది శరణార్థుల గురించి.

డాక్టరమ్మ_మిషిగన్
పేరెంట్స్ సంగతీ, శరణార్థుల సంగతీ ఆస్పత్రి దగ్గరకొచ్చేసరికి ఒకటే, అందుకే రెండిటికీ కలిపి రాస్తున్నా. మా ఊళ్ళో ఒక ఫ్రీ క్లినిక్‌లో వారానికో సాయంత్రం చూస్తాను. శరణార్థులకీ అసైలీలకీ మామూలు మెడిక్‌ఎయిడ్ 2026 అక్టోబర్ 1 నుంచి పోతుంది, ఇప్పటికింకా ఉంది, కానీ ఇప్పట్నుంచే జనం మానేస్తున్నారు. ఒక పేషెంట్ ఇన్సులిన్ సగం సగం వేసుకుంటున్నాడు, ఎందుకయ్యా అంటే మెడిక్‌ఎయిడ్ కార్డు పోతుందని విన్నాడట, దాచుకుంటున్నాడు. 2019లో పబ్లిక్ ఛార్జ్ రూలు (గవర్నమెంటు సాయం వాడితే గ్రీన్ కార్డు కష్టమనే రూలు) అప్పుడూ ఇదే చూశాను, రూలు వర్తించనివాళ్ళు కూడా పిల్లల మెడిక్‌ఎయిడ్ కాన్సిల్ చేయించుకున్నారు, ఆ రూలు 2021లో పోయింది గానీ భయం పోలేదు.

పని చేయాలనుకునేవాళ్ళకి ఒక్క విషయం చెప్తా. లాభాపేక్ష లేని ఆస్పత్రి ఏదైనా సరే, ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ ఉండి తీరాలని ఒబామాకేర్ చట్టమే చెప్తోంది. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా ఆ అప్లికేషన్ తీసుకోవాలి. దేశంలో చాలా ఆస్పత్రులు నాన్‌ప్రాఫిట్లే. అయినా బిల్లు చూడగానే క్రెడిట్ కార్డు తీసేవాళ్ళే ఎక్కువ, మన తెలుగువాళ్ళయితే వెంటనే ఫండ్‌రైజర్ లింకు పెట్టేస్తారు. ముందు ఆ ఫారం అడగండి. ఆదాయం కాగితాలు, అద్దె రసీదు, బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టి కూర్చోబెట్టి నింపించడానికి ఒక గంట పడుతుంది, వేల డాలర్ల బిల్లు ఆ గంటలో పోయిన సందర్భాలు చూశాను.

@ఇర్వింగ్_వాసి మీ ప్యాంట్రీలో ఒక టేబుల్ వేసి ఇది చేయండి.

లెక్కల_మాస్టారు
240 రోజులా! నాకు ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

డాక్టరమ్మ_మిషిగన్
బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది మాస్టారూ, ముందువైపు మాత్రం "పే నౌ" పెద్దగా ఉంటుంది.

హెచ్4_కష్టాలు
హెచ్4 (హెచ్1బీ డిపెండెంట్ వీసా) మీద వాలంటీర్ చేయొచ్చా? ఈఏడీ (పని పర్మిట్) లేదు నాకు. మా ఆయన "స్టేటస్ పోతుంది, ఇంట్లో కూర్చో" అంటున్నారు.

పాతకాపు97
ఎప్పుడూ వాలంటీర్లే చేసే పని అయితే చేయొచ్చమ్మా, ప్యాంట్రీలో సరుకు సర్దడం, పిల్లలకి హోంవర్క్ చెప్పడం లాంటివి. జీతమిచ్చి పెట్టుకోవాల్సిన పనిని ఫ్రీగా చేయించుకుంటేనే ఇబ్బంది. గిఫ్ట్ కార్డులు కూడా తీసుకోకు.

గుంటూరోడు
మీ ఆయనకి వంట ఎవరు చేస్తారని భయం, స్టేటస్ గురించి కాదు అది.

లండన్_లక్ష్మి
మీరంతా తీసేశారు తీసేశారు అంటున్నారు, యూకేలో మాకు మొదటి రోజు నుంచే లేదు. వీసా మీదే "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం అడగొద్దు) అని కొట్టి ఇస్తారు. పైగా హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టాలి, స్టూడెంట్స్‌కి 776. మన పిల్లలు చాలామంది ఆదివారం సౌతాల్ గురుద్వారాలో లంగర్ (ఉచిత భోజనం) తిని వస్తారు, అక్కడ ఎవడూ వీసా అడగడు, తలకి రుమాలు కట్టుకుంటే చాలు. ఫుడ్ బ్యాంకులకి కూడా వెళ్తారు గానీ చెప్పుకోరు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి మాత్రం చికెన్ వండుకున్నాం అని చెప్తారు.

పాతకాపు గారు చెప్పిన కాగితాల పని ఇక్కడా ఉంది. ద యూనిటీ ప్రాజెక్ట్ అని లండన్‌లో ఒక చారిటీ, ఆ నో రికోర్స్ షరతు తీసేయమని హోం ఆఫీసుకి పెట్టే అప్లికేషన్లు రాయించడమే వాళ్ళ పని. అది ఎక్కువగా ఫ్యామిలీ రూట్ వాళ్ళకే వర్తిస్తుంది, స్టూడెంట్స్‌కి కాదు. కానీ ఒక్క అప్లికేషన్ గెలిస్తే ఆ ఇంటికి ఏళ్ళ తరబడి ఫుడ్ బ్యాంకు అవసరం ఉండదు.

బ్రాంప్టన్_బాబు
స్టూడెంట్స్ ఫుడ్ బ్యాంక్ టాపిక్ ఎత్తకండి, మా కెనడాలో అదే పెద్ద గొడవ. "నెలనెలా ఫ్రీ గ్రోసరీ ఎలా తెచ్చుకోవాలి" అని మనవాళ్ళే వీడియోలు పెట్టారు, ఆ తర్వాత ఇక్కడ ఒక ఫుడ్ బ్యాంకు ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ రావద్దని బోర్డే పెట్టేసింది. నిజంగా ఆకలితో ఉన్నవాడు కూడా ఇప్పుడు సిగ్గుపడి వెళ్ళట్లేదు.

సూటిగా_చెప్తా
చూశారా, నేనన్నది ఇదే. ఫ్రీ అంటే వాడేసుకునే బ్యాచ్ ఉంటుంది.

లెక్కల_మాస్టారు
ఉంటుంది. 100 కోట్ల డాలర్ల సరుకు ఆపేసింది ఆ వీడియో చూసి కాదు కదా.

నాపేరు_మారింది
నేను రాయాలా వద్దా అనుకుంటూ ఇంతసేపు చదివాను. చికాగో దగ్గర ఉంటాను. స్టూడెంట్‌గా వచ్చి, రకరకాల కారణాల వల్ల స్టేటస్ పోయింది, వివరాలు వద్దు. ఇల్లినాయిలో 42 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి స్టేటస్ అడక్కుండా ఇచ్చే హెల్త్ ప్రోగ్రాం ఉండేది, 2025 జులై 1తో ఆపేశారు. నా బీపీ, థైరాయిడ్ మందులు దాని మీదే వచ్చేవి. ఇప్పుడు ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుని చూస్తున్నారు. ప్యాంట్రీకి కూడా వెళ్తాను. తెలుగువాళ్ళు వాలంటీర్లుగా ఉండే ప్యాంట్రీకి మాత్రం వెళ్ళను, బస్సు మారి వేరే ఊరు వెళ్తాను. ఎందుకంటే తెలుగువాళ్ళు సాయం చేస్తూ ఫోటో తీస్తారు, "ఏ ఊరండీ, ఇంటిపేరేంటి" అంటారు. దయచేసి అవి రెండూ మానేయండి. అంతే.

ఇర్వింగ్_వాసి
రాసినందుకు థాంక్స్ అండీ. మా దగ్గర ఫోటోలు బంద్ అని ఇవాళే చెప్తాను, బ్యానర్ కట్టాలని ఒక స్పాన్సర్ అడుగుతున్నాడు, అదీ వద్దంటా.

గుంటూరోడు
జోకు వేద్దామని వచ్చా, వెయ్యట్లేదు.

కరీంనగర్_పోరడు
ప్యాంట్రీ నడిపేటోళ్ళకు ఒక మాట. కాగితాలు అడగాల్నా అని మస్తు మంది పరేషాన్ అయితున్రు. 1996 చట్టంలనే ఉన్నది, నాన్‌ప్రాఫిట్ చారిటీలు ఇమిగ్రేషన్ స్టేటస్ వెరిఫై చెయ్యాల్సిన అక్కెర లేదని. 2025 జులైల హెడ్ స్టార్ట్ (పేద పిల్లల ప్రీస్కూల్), హెల్త్ సెంటర్లను గూడ కొత్తగ "ఫెడరల్ బెనిఫిట్" లిస్ట్‌ల ఏసిన్రు, అంటే కాగితాల్లేనోళ్ళకు ఇయ్యొద్దని, దాని మీద 20 రాష్ట్రాలు కోర్టుకు వొయ్యి వాళ్ళ కాడ ఆపిచ్చినయి. టెక్సాస్ అండ్ల లేదు, గందుకని @ఇర్వింగ్_వాసి మీ చర్చోళ్ళను ఒకసారి లాయర్‌ను అడగమను. అడగకుంటనే భయపడి గేటు కాడ ఐడీలు చూసుడు షురూ చేస్తే జనం రారు.

డాక్టరమ్మ_మిషిగన్
హెల్త్ సెంటర్ అంటే గుర్తొచ్చింది, ఇక్కడ డాక్టర్లెవరైనా ఉంటే: ఫెడరల్ గుర్తింపు తీసుకున్న ఫ్రీ క్లినిక్‌లో వాలంటీర్ చేస్తే మాల్‌ప్రాక్టీస్ కవరేజి ఎఫ్‌టీసీఏ అనే ఫెడరల్ చట్టం కింద గవర్నమెంటే ఇస్తుంది. ఇన్సూరెన్స్ లేదని వెనకాడేవాళ్ళు ముందు ఆ క్లినిక్‌కి గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. వీసా మీద రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్లు మాత్రం ముందు అటార్నీని అడగండి.

సూటిగా_చెప్తా
సరే, నేను శరణార్థులకి స్నాప్ ఇవ్వాలని ఇప్పటికీ అనను. కానీ ఆ ఆస్పత్రి ఫారాలు నింపే టేబుల్ నాకు నచ్చింది. నాకు ఎక్సెల్ వచ్చు, ఓపిక లేదు. ఫ్రిస్కోలో ఉంటా. ఏ శనివారం?

ఇర్వింగ్_వాసి
ఏ శనివారమైనా, పొద్దున తొమ్మిదికి. ఓపిక అక్కడే వస్తుంది లెండి, రెండో అప్లికేషన్‌కి. బర్మా భాష వచ్చినవాళ్ళు దొరికితే ఇంకా మంచిది. పిల్లల చేత చదివించడం ఆపాలి. బియ్యం ఇవ్వాలనుకునేవాళ్ళు సోనా మసూరి కాకుండా జాస్మిన్ గానీ లాంగ్ గ్రెయిన్ గానీ 20 పౌండ్ల బస్తాలు తెండి, అవి నిమిషాల్లో అయిపోతాయి, పీనట్ బటర్ మాత్రం అలాగే ఉండిపోతోంది. డబ్బు అయితే నేరుగా మీ ఊరి ఫుడ్ బ్యాంకుకే పంపండి, వాళ్ళు హోల్‌సేల్‌లో కొంటారు, మనం కాస్ట్కోలో కొని ఇచ్చేదానికంటే ఎక్కువ వస్తుంది.

హెచ్4_కష్టాలు
నేను ప్లేనో, సూటిగా గారి కార్‌లో రావచ్చా? మా అత్తగారిని కూడా తెస్తా, ఖాళీగా ఉన్నారు. ఆవిడకి గ్రీన్ కార్డు వచ్చి చాలా ఏళ్ళయింది, సిటిజన్‌షిప్ టెస్ట్ అంటే ఇంగ్లీష్ రాదని భయం.

పాతకాపు97
వయసు 55 దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్ళు ఉంటే తెలుగులోనే రాయొచ్చు, అంటే నోటితోనే చెప్పాలి, ఇంటర్‌ప్రెటర్‌ని తీసుకెళ్ళొచ్చు. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి కొత్త టెస్ట్, 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. 65 దాటి కార్డుకి 20 ఏళ్ళయితే 20 ప్రశ్నలే చదువుకోవాలి, 10 అడుగుతారు, 6 చెప్తే చాలు. ఆవిడకి ఎన్నేళ్ళయింది?

హెచ్4_కష్టాలు
కనుక్కుని చెప్తా అండీ, ఇప్పుడు సీరియల్ టైం, మధ్యలో లేపితే నాకు టెస్ట్ పెడతారు.